నీలం నీళ్ల సీసా

ఫోన్ చేసిన అమ్మాయి తన పేరు చెప్పలేదు, వాళ్ల అమ్మ పేరు చెప్పింది. "అమ్మ పోయింది సార్. అమ్మ ఫోన్ల మీ నంబరు కోచింగు సారు అని ఉన్నది. చెప్పాల్నని చేసిన" అంది. ఆ పేరు నేను మరిచిపోలేదు. మూడేళ్లపాటు హాజరు పట్టీలో నా చేత్తో టిక్కు పెట్టిన పేరది. కానీ దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కోచింగ్ సెంటర్లో ఆమెను ఎవరూ పేరుతో పిలవలేదు. పిల్లలకూ, లెక్చరర్లకూ, మా డైరెక్టరుకూ, నాకూ ఆమె ఆయమ్మే. ఇక్కడ కూడా పేరు రాయను. రాయకూడని కాగితం మీద ఒకసారి రాశాను, అది చాలు.

నేనక్కడ ఆఫీసు మేనేజర్ని. మేనేజరంటే పెద్ద ఉద్యోగం అనుకునేరు. ఫ్యాన్లు తిరగకపోతే, బాత్రూముల్లో నీళ్లు రాకపోతే, లెక్చరరు రాకపోతే అందరూ తిట్టడానికి ఒక మనిషి కావాలి కదా, ఆ మనిషిని. గుంటూరు వైపు నుంచి వచ్చి అప్పటికి పన్నెండేళ్లు. ఎల్బీ నగర్ దాటాక ఒక కాలనీలో అద్దెకుండేవాళ్లం. ఇద్దరు చిన్నపిల్లలు.

ఆయమ్మ పొట్టి మనిషి. నల్గొండ పల్లె నుంచి వచ్చి కొత్తపేట లోపలి బస్తీలో కిరాయికి ఉండేది. భుజం మీద ఎప్పుడూ బనీను గుడ్డ, నడుములో దోపుకున్న పాత పేపరు. నాలుగంతస్తులు ఊడ్చి, తుడిచి, బాత్రూములు కడిగేది. ఆమెనూ, ఆమె సామానునూ పంపేది కాంట్రాక్టరే. ఫినాయిలు, యాసిడ్, సబ్బు పొడి, అద్దాలు తుడవడానికి నీలం రంగు మందు, నెలకొక సీసా. ఫినాయిలంటే ఆమెకు గౌరవం లేదు. నీళ్లకు వాసన పూసి పంపిస్తుండ్రని నా ముందే ముఖం చిట్లించేది. ఆమె నమ్మింది ఒక్క నీలం సీసానే. నీలం నీళ్లు అనేది. అద్దాల కోసం ఇచ్చిన ఆ మందును అద్దాలకు వాడగా నేను చూసింది తక్కువ.

మొదటిసారి కెమిస్ట్రీ క్లాసులో చూశాను. కొత్తగా చేరిన లెక్చరరు స్టోరు గదిలోంచి ఏదో మార్కరు పట్టుకెళ్లి, ముప్పావు గంటసేపు తెల్లబోర్డు నిండా రాశాడు. గంట కొట్టాక డస్టరుతో తుడిస్తే ఒక్క అక్షరం కదల్లేదు. అది అట్టపెట్టెల మీద రాసుకునే చెరగని మార్కరు. బయట ఇంకో బ్యాచీ తలుపు దగ్గర నిలబడింది. నేను ఆయమ్మను పిలిచాను. ఆయమ్మ వచ్చి బోర్డు అడుగున, ఎడమ మూలన ఒక్కసారి నీలం నీళ్లు కొట్టి, బనీను గుడ్డతో అద్ది, గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, కాసేపు ఊరికే నిలబడింది. నేను తొందరపెట్టాను. మూలకు ఏం గాకపోతే నడిమికి గూడ ఏం గాదు, జర ఆగుండ్రి అంది. తర్వాత ఐదు నిమిషాల్లో బోర్డు తెల్లగా అయింది. పిల్లలు చప్పట్లు కొడితే ఆమెకు నచ్చలేదు. గట్ల సప్పట్లు కొట్టుడు గాదు, కూసోని సదువుకోండ్రి అని కసిరి, బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం డైరెక్టరు బోర్డు సంగతి విని, ఎవరు చేశారయ్యా అని అడిగితే, నేనే ఏదో చేయించానండి అన్నాను. అబద్ధం కాదు, పిలిచింది నేనే. ఇలాంటి చిన్న చిన్నవి చాలా మింగాను. అప్పట్లో వాటిని తెలివి అనుకునేవాణ్ణి.

మూలన ఒక చుక్క వేసి చూడటం ఆమె మానని అలవాటు. లెక్కలు చెప్పే ఆయన కాలిక్యులేటరు మీద చాయ్ ఒలికి మీటలు అతుక్కుపోతే ఒక్క మీటకు ముందు, మిగతావాటికి తర్వాత. చొక్కా జేబులో పెన్ను కారిన పిల్లాడికి ముందు చొక్కా లోపలి అంచున. డైరెక్టరు గదిలో స్వీటు డబ్బాల కోసం బారులు తీరే చీమల దారికి కూడా గోడ మూల నుంచే మొదలుపెట్టేది. ఒకసారి లాంగ్‌టర్మ్ బ్యాచీలో ఒక అమ్మాయి వేలు వాచి, ఉంగరం బిగుసుకుపోయి ఏడుస్తోంది. పరీక్షకు ఉంగరాలు పెట్టుకుని రానివ్వరు. వాళ్ల అమ్మమ్మ ఉంగరమట, కోయించడానికి ఒప్పుకోవడం లేదు. ఆయమ్మ ఆ పిల్లను మెట్ల మీద కూర్చోబెట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకోమని, వేలికి నీలం నీళ్లు కొట్టి, ఉంగరాన్ని మెల్లమెల్లగా తిప్పుతూ, ఆ పిల్లతో వాళ్ల ఊరి సంగతులు అడుగుతూ కూర్చుంది. మీకు బర్రెలున్నయా, ఎన్ని పాలిస్తయి అని అడుగుతుండగా ఉంగరం వచ్చేసింది. వెంటనే ఆ వేలును సబ్బుతో మూడుసార్లు కడిగించింది. మందు మందే బిడ్డా, నోట్లె వెట్టుకోకు అని చెప్పి పంపింది.

అన్నీ ఇలా కలిసి రాలేదు. గేటు మీద మా ర్యాంకర్ల ఫ్లెక్సీ ఉండేది. మూడో ర్యాంకు పిల్లాడి ముఖం మీద కాకి రెట్ట వేస్తే తుడవమన్నాను. ఆమె మూలన వేసి చూస్తానంది. నాకు తొందర, ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారు, కానివ్వమన్నాను. రెట్టతో పాటు పిల్లాడి ముక్కు కూడా చెరిగిపోయింది. మా డైరెక్టరు కాసేపు చూసి, వాడు పక్క సందులో ఇంకొకళ్ల ఫ్లెక్సీ మీద కూడా ఉన్నాడు, ముక్కుండాలంటే అక్కడ చూసుకుంటారులే అని నవ్వేశాడు. ఆయమ్మ మాత్రం నవ్వలేదు. వారం రోజులు ఆ గేటు కిందుగా తల వంచుకుని నడిచింది. తొందరపెట్టింది నేనని ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అవి తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదున్న రోజులు. ఈరోజు బంద్, రేపు రాస్తారోకో. ఎల్బీ నగర్ చౌరస్తాలో మనుషులు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వంటావార్పు అని అక్కడే వండుకుని, అక్కడే తిని, అక్కడే పాటలు పాడేవాళ్లు. బళ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ తీసేసి టీజీ రాసుకోవడం మొదలైంది. నేను నోరు తెరిస్తే నా యాస బయటపడుతుంది కాబట్టి నోరు మూసుకుని బండి నడపడం నేర్చుకున్నాను. నిజం చెప్పాలంటే నన్నెవరూ ఏమీ అనలేదు. ఒకసారి చౌరస్తాలో ఒక కుర్రాడు నా స్కూటరు ప్లేటు మీద వేళ్లతో తట్టి, మార్చుకోండి సార్ అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఇంటికెళ్లేసరికి నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

మర్నాడే స్టిక్కర్ల షాపులో నా బండి ప్లేటు కొలతకు టీజీ అక్షరాలు ఒక షీటు నిండా కోయించుకున్నాను. చౌరస్తా దాటడానికి అవి కావాలి. కానీ ఆఫీసులో అవి కనబడకూడదు. మా డైరెక్టరుదీ మా వైపే. అంతకుముందు నెల మా హోర్డింగు మీద రాళ్లు పడ్డాయి. నా సంస్థలో ఆ స్టిక్కరుతో ఎవడైనా కనబడితే ఆ రోజే ఆఖరు అని మీటింగులో చెప్పేశాడు. అందుకని నేను పొద్దున స్టిక్కరుతో వచ్చి, సెల్లారులో బండి పెట్టి, ఆయన కారు రాకముందే పీకేయాలి. సాయంత్రం మళ్లీ అంటించుకోవాలి. మొదటి రోజు గోళ్లతో గీకాను, రాలేదు. తాళంచెవితో గీకుతుంటే వెనక చీపురు చప్పుడు ఆగిపోయింది.

ఆయమ్మ నా చేతిలో తాళంచెవి తీసేసుకుంది. ప్లేటు ఖరాబైతది సార్ అంది, ఇంకేమీ అడగలేదు. స్టిక్కరు మూలన నీలం నీళ్లు కొట్టి, తడి పేపరు ముక్క కప్పి, సెల్లారు సగం ఊడ్చి వచ్చి, పాత రీచార్జి కార్డు అంచుతో లేపితే పొరలా వచ్చేసింది. గీత పడలేదు. సాయంత్రం అంటించడం కూడా ఆమే నేర్పింది. ముందు ప్లేటు మీద నీలం నీళ్లు పలచగా కొట్టాలట. అప్పుడు స్టిక్కరు వెంటనే పట్టుకోదు, వంకర లేకుండా జరుపుకోవచ్చు, బుడగలు రావు. పొద్దున లేపడం కూడా తేలిక. ఇలాంటివి ఎవరు నేర్పారని అడిగితే, ఎవలు నేర్పుతరు, సీసా చేతిలుంటే మనమే చూసుకుంటం అంది.

అప్పటి నుంచి అది రోజువారీ పనయింది. ఆమె నన్ను ఆటపట్టించేది. పొద్దుగాల ఏపీ, పొద్దుమీకి టీజీ, మా సారుకు రెండు రాష్ట్రాలు అనేది. నేను నవ్వేవాణ్ణి, లోపల ఒళ్లు మండేది. మిగిలిన షీటు నా సొరుగులో పెట్టుకోవడానికి భయం, డైరెక్టరు తాళాల కోసం ఎప్పుడుపడితే అప్పుడు తీస్తాడు. మెట్ల కింద ఆమె సామాను పెట్టుకునే చెక్క అలమారాలో పెట్టమన్నాను. పెట్టింది.

ఒకరోజు ఆమె ఒక పూట సెలవు పెట్టి ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పుకు వెళ్లింది. రోడ్డు మీద పెద్ద గంజులో పప్పు కలిపి, వేళ్లకు పసుపుతో మధ్యాహ్నం పనిలోకి వచ్చింది. సాయంత్రం అదే చేత్తో నా బండికి స్టిక్కరు అంటించింది. ఆ రెండక్షరాల కోసం ఆమె ఎండలో కూర్చుని వచ్చింది. నాకవి చౌరస్తా దాటేదాకా పనికొచ్చే అబద్ధం. అది నాకు అప్పుడే తట్టింది, తట్టినా బండి ఎక్కి వెళ్లిపోయాను. బయల్దేరబోతుంటే ఆమె అడిగింది:

"తెలంగాణ ఒస్తే మీరు పోతరా సార్?"

తెలియదన్నాను.

"ఎందుకు పోతరు? ఈడనే ఉండుండ్రి. మాది మాకు గావాలంటున్నం గని, మిమ్మల్ని పొమ్మంటలేం గద."

నేను మూడేళ్లుగా భయపడుతున్న ప్రశ్నకు అంత చిన్న జవాబు ఉంటుందని నాకు తెలియదు. అయినా మర్నాడు స్టిక్కరు మానలేదు.

ఆ తర్వాత రెండు వారాలకేమో, డైరెక్టరు కారు వచ్చేసరికి దాని వెనక ప్లేటు మీద ఏపీ కనబడకుండా టీజీ అంటించి ఉంది. దారిలో ఎక్కడో ఆగినప్పుడు ఎవరో అంటించి ఉంటారు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఎలాంటి మరకైనా తీసే మనిషి మన దగ్గర ఉందని అందరికీ తెలుసు కదా, ఆయమ్మను పిలిచారు. ఆమె మెట్ల కిందికి నీలం సీసా కోసం వెళ్లింది. తొందరలో ఆయనా వెనకే వెళ్లాడు. సీసా తీసింది. సీసా వెనక షీటు ఉంది. సగం వాడిన టీజీలు.

ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. భయపడ్డవాళ్ల సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు. షీటు తెచ్చి తన టేబుల్ మీద పడేసి మా ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు.

"ఎవరిదిది? పిల్లలకు నువ్వే ఇస్తున్నావా?"

ఆమె నావైపు చూసింది. చాలాసేపు చూసింది. ఎంతసేపని అడిగితే చెప్పలేను, గోడ క్యాలెండర్లో ఆ నెల పండగలన్నీ నేను చదివేశాను. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు, అనుకుంటూనే ఉన్నాను అని రాయాలని ఉంది. అనుకోలేదు. ఆమె చెప్పేస్తుందేమోనని మాత్రమే అనుకున్నాను.

"నాదే సార్" అంది ఆమె. "మా బస్తీల పంచుతుంటే తెచ్చుకున్న."

ముందు ఆ కారుది తీసి రమ్మని ఆమెను పంపి, ఈవిడ వద్దని కాంట్రాక్టరుకు లెటరు రాయండి అని నాతో అన్నాడు. రాశాను. ఆయన ఇంకేమీ చెప్పలేదు, మాటలన్నీ నావే. పేరు రాసి, నమ్మదగిన మనిషి కాదు అని రాశాను. ఊరికే వద్దంటే కారణం అడుగుతారని, అడిగితే తీగ లాగినట్టు నా దాకా వస్తుందని రాశాను. నేను రాస్తున్నంతసేపూ ఆమె కింద కారు ప్లేటు మూలన నీలం నీళ్లు కొట్టి, పేపరు కప్పి, ఆగి, గీత పడకుండా లేపుతూ ఉంది. పక్కనే నా స్కూటరు ఉంది. దాని ప్లేటు ఆ పొద్దున ఆమే శుభ్రం చేసింది.

ఆ తర్వాత నేను స్కూటరు మానేసి బస్సులో తిరిగాను. ఒకసారి కొత్తపేట రైతు బజారు దగ్గర బస్సు ఆగితే, ఎదురుగా ఒక బట్టల దుకాణం మెట్లు కడుగుతూ ఆమె కనబడింది. తలెత్తబోయింది. నేను జేబులోంచి కింద ఏదో పడిపోయినట్టు వంగి, బస్సు కదిలేదాకా సీటు కింద వెతికాను. పక్కాయన ఏం పోయిందండీ అని అడిగాడు. ఏమీ పోలేదన్నాను. తర్వాత తెలంగాణ వచ్చింది. నేను ఎక్కడికీ పోలేదు. నన్నెవరూ పొమ్మనలేదు.

ఫోన్ వచ్చిన రోజు వెళ్లలేదు. మూడో రోజు వెళ్లాను. అల్మాస్‌గూడలో కూతురు కట్టుకున్న రెండు గదుల ఇల్లు. ఆ అమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుందట. ముందు గదిలో చాప మీద దగ్గరి బంధువులు ఇద్దరు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. ఫొటోకు దండ వేసి ఉంది. ఫొటోలో ఆమె నేనెరిగినదానికంటే చిక్కిపోయి ఉంది. గుమ్మంలో నిలబడి నేనెవరో చెప్పుకున్నాను. ఈసారి చెప్పేద్దామనే వచ్చాను, ఇంటి దగ్గర అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుని మరీ వచ్చాను.

ఆ అమ్మాయి నాకు చెప్పనివ్వలేదు. తనే మొదలుపెట్టింది. ఆ ఉద్యోగం పోయాక కాంట్రాక్టరు ఇంకే ఆఫీసుకూ పంపలేదట. ఎవరో ఏదో కాగితం రాశారట, అందుకని. అమ్మ ఇళ్లల్లో గిన్నెలు తోమింది, దుకాణాలు కడిగింది, తను ఇంటర్ ఒక ఏడాది ఆపేసి పనికి పోయింది. ఇవన్నీ ఎవరి మీదా కోపం లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

"మీ గురించి మస్తు చెప్తుండె సార్" అంది. "ఆ రోజు మీరు నిజం చెప్పబోయిండ్రంట గద. ఒక అడుగు ముందుకు గూడ ఏసిండ్రంట. అమ్మనే కండ్లతోటి వద్దని ఆపిందంట. సారుకు ఇద్దరు పసిపిల్లలు, దూరంకెళ్లి వచ్చినోడు, నౌకరి పోతే యాడికి పోతడు, నాకైతే నాలుగిండ్లు దొర్కుతయి అని. నేను ఆపకపోతే ఆ సారు చెప్పేసేటోడు బిడ్డా, అంత మంచోడు అంటుండె."

అడుగు వేసిన మాట నిజం. నాకు బాగా గుర్తుంది. స్టిక్కర్ల షాపువాడు ఆర్డరు గుర్తుకని అడిగితే నా బండి నంబరు ఆ షీటు వెనకే రాసిచ్చాను. అది పైకి కనబడుతోందేమో చూడటానికి టేబుల్ దగ్గరికి ఒక అడుగు వేశాను. కనబడటం లేదు. అక్కడే ఆగిపోయాను. ఆమె అన్నేళ్లు నమ్మి, కూతురికి చెప్పుకున్న నా మంచితనం అంతా ఆ ఒక్క అడుగే.

"అవునా సార్?" అని అడిగింది ఆ అమ్మాయి. వాళ్లమ్మ మాటను నా నోటితో వినాలని అడిగింది.

"అవునమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి కొంగుతో కళ్లు తుడుచుకుని, చాప మీద కూర్చున్న ముసలమ్మల వైపు తిరిగి, "అమ్మ చెప్తుండె సూడు, ఆ సారు ఈయననే" అంది. వాళ్లలో ఒకామె మోకాళ్ల మీద చేతులు ఆనించి కష్టంగా లేచి, లోపలి గదిలోంచి కుర్చీ తెచ్చి, కొంగుతో దులిపి నాకు వేసింది. కూర్చున్నాను.